తొలకరికి ముందు లూర్ల డబ్బా ఒకసారి బయటికి తీయండి

సుంకేసుల దగ్గర చూడండి, గాజులదిన్నె ఒడ్డున చూడండి, మైలవరం డ్యాం పక్కన చూడండి, చేపలకు ఎర్రల డబ్బా పట్టుకొచ్చేవాళ్లు తగ్గి లూర్ల (గాలం తగిలించిన ఉత్తుత్తి ఎరల) డబ్బా పట్టుకొచ్చే కుర్రోళ్లు ఎక్కువయ్యారు. మంచిదే, చేతులకు మట్టి అంటదు, ఎర కోసం తవ్వే పని లేదు. కానీ జూన్ నుంచి నవంబర్ దాకా మన కర్నూలు, కడప వైపు నీళ్ల సంగతి వేరే. వాన ఇక్కడ పడకపోయినా నీళ్లు వస్తాయి, మొన్నటిదాకా నెర్రెలిచ్చి ఉన్న చోట నడుము లోతు నిలుస్తుంది. ఈ కాలంలో వచ్చే తిప్పలు చాలావరకు ఒకే దారిలో వస్తాయి. నాలుగొందలు పెట్టి కొన్న లూరు కంపకు తగులుకుంటుంది, దాన్ని వదులుకోబుద్ధి కాదు, ప్యాంటు మడిచి నీళ్లలోకి దిగుతారు. అందుకే జాగ్రత్త అనేది నీళ్ల దగ్గర కాదు, లూరు కొనేటప్పుడే మొదలవ్వాలంటాను. తగులుకోని లూరు కొనండి, తగులుకున్నా బాధ లేకుండా తెంపేసుకోగలిగిన ధరలో కొనండి.

ఆన్‌లైన్‌లో కనిపించే లూర్లలో ఎక్కువ భాగం అమెరికా వాళ్లు లార్జ్‌మౌత్ బాస్ అనే చేప కోసం చేసుకున్న నమూనాలు. ఆ చేప మన చెరువుల్లో లేదు. మనకున్నవి కొర్రమీను, వాలుగ, జెల్ల. రాగండి, బొచ్చె లూరు వెంట పడే రకం కాదు, వాటికి పిండి ఉండలే నయం. అయితే బాస్‌కీ కొర్రమీనుకీ ఒక పోలిక ఉంది. రెండూ తుంగలోనో, మునిగిన చెట్టు కిందో నక్కి ఉండి, దగ్గరికొచ్చినదాన్ని ఒక్క దెబ్బకు నోట్లో వేసుకునేవే. కాబట్టి బాస్ కోసం చేసినవాటిలో గడ్డి మీద జారుకుంటూ వచ్చే ఫ్రాగ్ మనకు సరిగ్గా సరిపోతుంది. మూడు ముళ్ల గాలాలు వేలాడేసుకుని నీళ్లలో మునిగి ఈదే క్రాంక్‌బైట్ మాత్రం మన చెరువుల్లో వేసిన రెండో సారికే ఏ సర్కారు తుమ్మ కొమ్మకో అంకితం.

ఫ్రాగ్ కొనేటప్పుడు రంగు చూసి మోసపోకండి, వేళ్లతో నొక్కి చూడండి. అది లోపల బోలుగా ఉండే మెత్తటి రబ్బరు కప్ప, రెండు ముళ్లున్న గాలం దాని వీపుకు ఆనుకుని పైకి తిరిగి ఉంటుంది, అందుకే గడ్డికి పట్టదు. చేప నోరు మూసినప్పుడు ఆ రబ్బరు అణిగి ముళ్లు బయటపడాలి. బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి మెల్లగా ఒత్తితే ముళ్ల మొనలు తేలిగ్గా పైకి వచ్చేవి మంచివి, రాయిలా గట్టిగా ఉండేవి బొమ్మలుగా పనికొస్తాయి. తక్కువ ధరవాటిలో గాలం కాడ బయటికొచ్చే రంధ్రం దగ్గర నీళ్లు దూరి పది సార్లు వేసేసరికి కప్ప బరువెక్కి మునుగుతుంది. మధ్యమధ్యలో తలకిందులుగా పట్టుకుని పిండేయాలి. ఇంకో మాట, చేప కప్ప మీద పడి నీళ్లు చిమ్మిన క్షణంలోనే గాలం కట్టె లాగేయకండి. ఒక్క లిప్త ఆగి, దారానికి బరువు తగిలాక లాగండి. ఖాళీగా లాగిన ఫ్రాగ్ నేరుగా మీ ముఖం మీదికే వస్తుంది. పగలైతే కళ్లజోడు ఉండాల్సిందే, తలకు టోపీ కూడా. ఎండకోసం కాదు, గాలం కోసం.

కొత్త నీళ్లు వచ్చి చెరువు టీ రంగుకు తిరిగినప్పుడు నల్ల ఫ్రాగో, రేకు గిరగిరా తిరుగుతూ చప్పుడు చేసే స్పిన్నరో వేయండి. నీళ్లు తేరాక కప్ప రంగులు, ఆకుపచ్చలు. రంగుల గురించి ఇంతకంటే ఆలోచించడం దండగ.

క్రాంక్‌బైట్లు, నీళ్ల పైన చప్పుడు చేస్తూ తేలే పాపర్లు ఉంటే డ్యాముల దగ్గర చెట్లు లేని తేట నీళ్లలో వాడుకోండి, కానీ ముందు వాటి మూడు ముళ్ల గాలాలు తీసేసి ఒంటి గాలాలు తగిలించండి. కనీసం కటింగ్ ప్లేయర్‌తో ఎదురుముల్లు (గాలం మొన పక్కన వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లు) నొక్కేసి చదును చేయండి. గాలం ఊడిపోతుందేమో అని భయపడతారు గానీ, దారం బిగువు తప్పకుండా చూసుకుంటే ఊడదు. ఎందుకింత చెబుతున్నానంటే, లూర్లతో తగిలే గాయాల్లో అన్నిటికంటే పాడుది ఒకటుంది. ఒక గాలం కొర్రమీను దవడలో, రెండో గాలం మన బొటనవేలిలో, మధ్యలో కేజీన్నర చేప ఒడ్డున ఎగిరెగిరి పడుతుంటుంది. అందుకే ఒడ్డుకొచ్చిన చేపను లూరు పట్టుకుని ఎత్తకూడదు. వలగరిటెతో తీయాలి, లేదా తడిబట్టతో మెడ దగ్గర అదిమిపట్టి ప్లేయర్‌తో గాలం తీయాలి. జెల్ల అయితే రెక్కల దగ్గర ముల్లు ఉంటుంది, గుచ్చుకుంటే సలుపుతుంది. చర్మం ఓర్చుకునేంత వేడి నీళ్లలో చెయ్యి పెడితే నొప్పి తగ్గుతుంది.

దారం దగ్గర పిసినారితనం వద్దు. గడ్డిలో ఫ్రాగ్ వేసేటప్పుడు కనీసం 40 పౌండ్ల బరువు ఆపే బ్రెయిడ్ (పోగులు అల్లిన దారం) అయినా ఉండాలి. సన్న దారం వేస్తే చేప నోట్లో గాలంతో తెగిపోయి చస్తుంది, మీకూ మిగిలేదేమీ లేదు. అయితే ఇదే బ్రెయిడ్ వేళ్లకు చుట్టి లాగితే బ్లేడులా దిగుతుంది. లూరు తగులుకుంటే చేయాల్సింది ఇది. ముందు నాలుగడుగులు పక్కకు జరిగి వేరే కోణం నుంచి వదులుగా ఆడించి చూడండి, సగం సార్లు అలాగే వచ్చేస్తుంది. రాకపోతే కట్టెను తగులుకున్న వైపే నేరుగా చూపించండి, వంచి లాగితే కట్టె విరుగుతుంది. ఒక కర్ర ముక్కకు దారాన్ని నాలుగు చుట్లు చుట్టి, ముఖం పక్కకు తిప్పుకుని, వెనక్కి నడవండి. వెనకాల ఎవరూ లేకుండా చూసుకోండి, ఎందుకంటే అది ఊడితే తుపాకీ గుండులా వస్తుంది. తెగితే తెగింది. మళ్లీ చెబుతున్నా, తెగితే తెగింది, దిగొద్దు.

ఎందుకు దిగొద్దంటున్నానో మన వైపు నీళ్లు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. చెరువుల్లో పొలాలకు మట్టి కోసం జేసీబీతో తవ్విన గుంతలుంటాయి, మోకాలి లోతులో నడుస్తూ ఉన్నట్టుండి ఇద్దరు మనుషుల లోతులో పడతారు. శ్రీశైలం వెనక జలాల్లో, గండికోటలో మునిగిన ఊళ్లున్నాయి, అంటే బావులు, గోడలు, దూలాలు అన్నీ నీళ్ల కిందే. నీళ్లు వెనక్కి తగ్గినచోట ఇంకో రకం మోసం, పైన ఎండిన పొర, కింద రొచ్చు. బర్రెలు దిగబడి లేవలేకపోయే చోట మనిషి పరిస్థితి చెప్పాలా. హంద్రీనీవా కాలువ, కేసీ కాలువ వైపు పోయేవాళ్లు సిమెంటు వేసిన ఏటవాలు గట్టు మీద అసలు నిలబడొద్దు. పాచి పట్టి ఉంటుంది, ఒకసారి జారితే పట్టుకోవడానికి గడ్డిపోచ ఉండదు, పైన పంపులు ఆన్ చేస్తే నీళ్లు ఎప్పుడు పెరుగుతాయో మీకు ఎవరూ ఫోన్ చేసి చెప్పరు.

తుంగభద్ర మరీను. ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉన్నా పైన కర్ణాటకలో పడిన వాన రెండు రోజులకు మన దగ్గరికి వస్తుంది. 2024 ఆగస్టు 10 రాత్రి హోస్పేట డ్యాంలో 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు నది వైపు పోవద్దని కర్నూలు దాకా హెచ్చరికలు వచ్చాయి. 2009 అక్టోబర్ 2 నాటి వరద చూసిన కర్నూలు వాళ్లకు నది ఎంత తొందరగా వీధుల్లోకి వస్తుందో వేరే చెప్పనవసరం లేదు. నది మధ్య రాళ్ల మీద నిలబడి వేస్తేనే వాలుగ పడుతుందని చెప్పేవాళ్లుంటారు, పడనీ, వరద కాలంలో మాత్రం గట్టు మీదనుంచే. ఒడ్డున ఒక రాయికి గుర్తు పెట్టుకోండి, నీళ్లు దాన్ని తాకితే లేచి రండి. చెరువులు మరవ (అలుగు) పోతున్నప్పుడు మరవ కింద చేపలు ఎదురెక్కుతాయని జనం ఎగబడతారు, అక్కడ గాలం వేసే పని పెట్టుకోవద్దు.

పిడుగుల విషయం చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఇప్పుడొచ్చే కట్టెల్లో చాలా కార్బన్ ఫైబర్‌వి, కరెంటు పారుతుంది వాటిలో. బయలు గట్టు మీద నిలబడి ఏడడుగుల కట్టె పైకెత్తడం ఎంత తెలివైన పనో మీరే ఆలోచించండి. మెరుపు కనిపించాక ముప్పై సెకన్లలోపే ఉరుము వినిపిస్తే కట్టె కింద పెట్టి పక్కా ఇంట్లోకో కారులోకో పోవాలి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. చింతచెట్టు కిందికి మాత్రం పోవద్దు. దామిని యాప్ ఫోన్‌లో పెట్టుకుంటే దగ్గర్లో పిడుగులు పడే అవకాశం చూపిస్తుంది. ఇదే కట్టె మోటారు తీగలకు, చెరువు దాటిపోయే లెవన్ కేవీ లైన్లకు తగిలినా అంతే. వేసేముందు వెనక్కే కాదు, పైకి కూడా ఒకసారి చూడండి.

డబ్బా సంగతి. మెత్తటి ప్లాస్టిక్ పురుగులు, గట్టి లూర్లు ఒకే అరలో పెట్టి బండి డిక్కీలో వదిలేస్తే, మన ఎండకు ఆ పురుగుల్లోని నూనె కారి గట్టి లూర్ల రంగును కరిగిస్తుంది, చివరికి డబ్బా అడుగుకూ అతుక్కుంటుంది. వేటి కవర్లో వాటిని ఉంచండి. వాడిన గాలాలు తడిగా మూసేయకండి, తుప్పు పట్టిన గాలం గుచ్చుకోవడం మామూలు గాలం కంటే అధ్వాన్నం. చిన్నపిల్లలున్న ఇంట్లో డబ్బా అటక మీదే.

ఇక వానలు మొదలైన కొన్నాళ్లకు గడ్డి అంచున నీళ్ల పైన ఎర్రగా, వందల కొర్రమీను పిల్లలు ఒకే గుంపుగా బుడబుడమని పైకి వచ్చి గాలి పీల్చి మళ్లీ మునగడం కనిపిస్తుంది. కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఆ గుంపు మీదుగా ఫ్రాగ్ లాగితే ఆకలి లేకపోయినా కోపంతో కొడతాయి, అందుకే కొందరికి అది సులువైన వేట. పెద్ద చేపను తీసేస్తే ఆ పిల్లలన్నీ సాయంత్రానికి వేరే చేపల పాలు, కొంగల పాలు. వచ్చే ఏడు అదే చెరువులో మళ్లీ చేప కావాలనుకుంటే ఆ పక్కకు పోకండి. బాస్ కూడా గూడు దగ్గర మగ చేప కాపలా కాస్తుంది, అక్కడా ఇదే గొడవ ఉంది. చెరువు సొసైటీ వాళ్ల వేలం పాటలో ఉంటే అడగకుండా వేయకండి, వాళ్లు పిల్ల చేపలు కొని వదిలినవి అవి. శ్రీశైలం వెనక జలాల్లో పులుల అభయారణ్యం వైపు అసలే పోకూడదు, అడవి చట్టం ఒకటి, మొసళ్లు ఒకటి. మొసలి తిరిగే నీళ్ల అంచున చేప కడగడానికి కూర్చోవద్దు.

గట్టు మీది రాళ్లలో, గడ్డిలో చెయ్యి పెట్టేముందు కట్టెతో తట్టండి. కాలికి బూటు, చీకటి పడితే టార్చి. రక్తపింజర కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం ఏదీ వద్దు. కాలు కదపనివ్వకుండా 108కి ఫోన్ చేసి నేరుగా పెద్దాసుపత్రికి.

గాలం మన ఒంట్లోనే దిగితే? ముందు దారం తెంపి, లూరును గాలం నుంచి వేరు చేయండి, లేకపోతే అది ఊగినప్పుడల్లా లోపల కోస్తుంది. కన్ను, ముఖం, మెడ, కీళ్ల దగ్గరైతే ముట్టుకోకుండా ఆసుపత్రికే. చెయ్యి కండలోనో, తొడలోనో పైపైన దిగితే ఒక పద్ధతి ఉంది. గాలం వంపుకు గట్టి దారం ఉచ్చులా వేసి, గాలం కాడను చర్మానికి ఆనేలా ఒక వేలితో కిందికి నొక్కి పట్టుకుని, ఇంకొకరు ఆ దారాన్ని చర్మానికి సమాంతరంగా వెనక్కి ఒక్క కుదుపు లాగాలి. ఎదురుముల్లు నొక్కేసిన గాలమైతే ఈ గొడవంతా లేదు, వెనక్కి తీస్తే వచ్చేస్తుంది. అనుమానం ఉంటే ప్రయత్నించొద్దు. ఎలా వచ్చినా కడిగి టీటీ సూది వేయించుకోండి. ఆసుపత్రికి పోయేటప్పుడు అలాంటిదే ఇంకో గాలం డబ్బాలోంచి తీసి వెంట పట్టుకుపోండి, లోపల ఎదురుముల్లు ఏ వైపు తిరిగి ఉందో డాక్టరుకు దాన్ని చూస్తే అర్థమవుతుంది.