సోమశిల నీళ్లలో కయాక్ ప్రయాణానికి ఎలా సిద్ధమవ్వాలి?

పాలమూరుకు సముద్రం లేదు. కానీ శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కొల్లాపూర్ పక్కన సోమశిల దగ్గర కృష్ణమ్మ కొండల సందుల్లోకి పాయలు పాయలుగా పరుచుకుంటుంది. సముద్రంలో ఒడ్డు పట్టుకుని కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) నడిపేవాళ్ల జాగ్రత్తలు ఇక్కడా పనికొస్తాయి. ఆటుపోట్లు మాత్రం ఉండవు. వాటి బదులు జలాశయం మట్టం చూసుకోవాలి.

ముందు నెల ఎంచుకోండి. వానాకాలం వరదలో, ముఖ్యంగా ఎగువన జూరాల గేట్లు ఎత్తినప్పుడు, ఈ నీళ్లలో దిగొద్దు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు. అది తగ్గేకొద్దీ ఒడ్డు వెనక్కి జరిగి బురద తేలుతుంది. సంగమేశ్వరం గుడి ఎండాకాలంలో బయటపడేది అందుకే. పోయినసారి దిగిన చోట ఈసారి దిగలేకపోవచ్చు, కాబట్టి బయల్దేరే వారంలోనే మట్టం తెలుసుకోండి.

తర్వాత దారి. దీన్ని కిలోమీటర్లతో కాదు, గంటలతో లెక్కవేయండి. కొత్తవాళ్లు గంటకు మూడు, నాలుగు కిలోమీటర్లకు మించి పోలేరు. ఎదురుగాలి లేస్తే అందులో సగం కూడా కష్టమే. అందుకే పోయేటప్పుడు గాలికి ఎదురుగా, అలసిపోయి వచ్చేటప్పుడు గాలి వీపున ఉండేలా దారి వేసుకోవాలి. ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలో ముందే రాసుకోండి. అనుకున్న చోటు కనబడుతున్నా సరే, ఆ వేళకు తిరగాల్సిందే. రేవులో పుట్టి వేసే అన్నను అడిగితే "పొద్దుగాల్నే పోండ్రి, పొద్దెక్కినంక గాలి లేస్తది" అంటాడు. నా మటుకు ఏ యాప్ కన్నా ఆ మాటకే విలువ ఎక్కువ.

ఒడ్డుకు దగ్గరగా సాగండి, నడి నీళ్లకు అడ్డం పడి పోవద్దు. తేలే థర్మాకోల్ ముక్కలు, ప్లాస్టిక్ సీసాలు కనిపిస్తే కింద వల ఉన్నట్టే, చుట్టూ తిరిగి పోవాలి. అది ఒకరి బతుకుతెరువు. లాంచీ అలలు వస్తే కయాక్ ముక్కును వాటికేసి తిప్పండి. కృష్ణలో మొసళ్లున్నాయి, మట్టి దిబ్బల మీద ఆగొద్దు. దిగువన నల్లమల, అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అటవీ శాఖ అనుమతి లేకుండా అక్కడ ఒడ్డెక్కకూడదు.

లైఫ్ జాకెట్ బిగించి కట్టుకోవాలి, కాళ్ల దగ్గర పెట్టుకుంటే లాభం లేదు. 2007 జనవరిలో ఈ నీళ్లలోనే పడవ మునిగి ఎంతోమంది పోయారు. ఆ దుఃఖం ఈ ఊళ్లలో ఇంకా ఉంది. బోల్తా పడితే తిరిగి ఎక్కడం నడుములోతు నీళ్లలో నేర్చుకున్నాకే లోతుకు పోండి. ఒంటరిగా వద్దు.

మనిషికి మూడు లీటర్ల నీళ్లు, జొన్నరొట్టె సద్ది, టోపీ, విజిల్, నీరు చొరని సంచిలో ఫోన్ చాలు. కొండల మధ్య సిగ్నల్ పోతుంది. అందుకే మీ దారి, తిరిగొచ్చే వేళ రాసిన కాగితం రేవులో ఒకరికి ఇవ్వండి. ఆ వేళ దాటితే 112కు ఫోన్ చేయమని చెప్పండి. తిరిగి రాగానే బట్టలు కూడా మార్చుకోకముందే ఆయనకు కనబడండి.