మూడు పైపులు, పదకొండు మీటర్ల నల్ల గుడ్డ: ఆర్కెస్ట్రాకి వెనక తెర

ఒడిశాలోని పర్లాకిమిడిలో పగలు నేను టైలర్ని, రాత్రి ఆర్కెస్ట్రాలో ప్యాడ్ వాయిస్తాను. ఎనిమిది మందిమి, ఒక టాటా ఏస్. మా వైపు పెళ్లిళ్లూ అమ్మవారి సంబరాలూ ఎక్కువగా ఎండాకాలంలోనే. సరిగ్గా ఆ రోజుల్లోనే సాయంత్రం పూట కాలవైశాఖి గాలి లేస్తుంది. ఒకసారి కాశీనగర్ దగ్గర, వంశధార ఒడ్డున ఉన్న ఊళ్లో ప్రోగ్రాం. అప్పటికి మా వెనక తెర అంటే రెండు వెదుళ్లకి కట్టిన ఫ్లెక్సీ. మూడో పాటలో గాలి వెనక నుంచి కొట్టింది. ఒక వెదురు కీబోర్డ్ అన్నయ్య భుజం మీద పడింది. ఆయనకి వాపుతో పోయింది, కీబోర్డ్‌కి నాలుగు మెట్లు విరిగాయి. మర్నాడు కుట్టుమిషన్ ముందు కూర్చున్నా నా కళ్ల ముందు ఆ వెదురే.

ఆ తర్వాత చేసిన తెరనే ఇప్పటికీ వాడుతున్నాం. వెడల్పు 12 అడుగులు, ఎత్తు 8 అడుగులు. కట్టడానికి ఇద్దరు చాలు.

ముందు ఫ్రేము. 18 గేజ్ ఇనుప స్క్వేర్ పైపు, ఒక అంగుళంది, మూడు కొనండి. పైపు పొడవు 20 అడుగులు ఉంటుంది. మొదటి రెండు పైపుల్లో ఒక్కొక్కదాన్నుంచి 4 అడుగుల ముక్కలు మూడు, 6 అడుగుల ముక్క ఒకటి, మిగిలింది 2 అడుగుల ముక్క. అంటే నిలువు స్తంభాలు మూడింటికి ఆరు ముక్కలు, పైన అడ్డపట్టీకి రెండు వస్తాయి. మూడో పైపులో 4 అడుగులవి మూడు కోస్తే అవి స్తంభాల కింద నేలకి ఆనే కాళ్లు. ఇంకో 2 అడుగుల ముక్క కోసి, ఇందాక మిగిలిన రెండింటితో కలిపితే మూడు కాళ్లకీ ఏటవాలు ఊతాలు సరిపోతాయి. చివరికి మిగిలిన 6 అడుగులూ పారేయొద్దు. అడ్డపట్టీ వంగిన రోజున అదే ఆదుకుంటుంది. పైపుల బరువు మొత్తం సుమారు 17 కిలోలు.

ముక్కలు కలపడానికి పైన తొడిగే గొట్టం కావాలి, అంగుళంపావు స్క్వేర్ పైపు. డబ్బులు ఇచ్చే ముందు షాపులోనే ఒకదాంట్లో ఒకటి దూర్చి చూసుకోండి. పైపు లోపల వెల్డింగ్ గీత ఉబ్బెత్తుగా ఉంటుంది, అది అడ్డుపడితే ఆకురాయితో రుద్దాలి. ప్రతి గొట్టానికీ పక్కన రంధ్రం చేయించి, దాని మీద నట్టు వెల్డింగ్ పెట్టించి, బోల్టుతో లోపలి పైపుని బిగించాలి. మా వెల్డరు "మాస్టారూ, బోల్టు తలకి చిన్న చువ్వ ముక్క అడ్డంగా అతికించేస్తాను, పానా అక్కర్లేదు" అన్నాడు. ఆ ఒక్క మాటకి నేను అతనికి ఎంతో రుణపడ్డాను. అర్ధరాత్రి మూడింటికి చీకట్లో పానా వెతికే బాధ తప్పింది.

రెండు చివరి స్తంభాల తల మీద అడ్డంగా చిన్న గొట్టం, మధ్య స్తంభం మీద అడుగు పొడవు గొట్టం పెట్టించండి. 6 అడుగుల పట్టీలు రెండూ ఆ మధ్య గొట్టంలోనే కలుస్తాయి. అతుకు కింద స్తంభం ఉంటుంది కాబట్టి పట్టీ అక్కడ వంగదు. కాలిని మాత్రం సగానికి కాకుండా ముందుకి అడుగు, వెనక్కి మూడడుగులు వచ్చేలా పెట్టించండి. ముందుకి పొడవుగా ఉంటే పాడేవాళ్ల కాళ్లకి అడ్డం తగులుతుంది.

గాలి గురించి కొంచెం ఎక్కువ చెబుతాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చూసిన మా గజపతి జిల్లాలో గాలిని తేలిగ్గా తీసుకునేవాళ్లు లేరు, కానీ స్టేజీ దగ్గర మాత్రం ఎందుకో మర్చిపోతాం. మన తెర 96 చదరపు అడుగులు, అంటే పడవ తెరచాపే. గంటకి 30 కిలోమీటర్ల గాలి దాని మీద 40 కిలోలకి పైగా బరువుతో తోస్తుంది. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లు అవుతుంది. ఇసుక సంచులు పెట్టాం కదా అని ధీమాగా ఉండకూడదు. కాలికి పది కిలోల సంచి పెట్టండి, అది ఫ్రేము జరగకుండా ఆపడానికే. పడకుండా ఆపేవి వెనక తాళ్లు. ప్రతి స్తంభం తల నుంచి ఒక తాడు వెనక్కి లాగి, నేలలో దిగ్గొట్టిన మేకుకో, చెట్టుకో, లారీ కొక్కేనికో కట్టాలి. నేల దొరక్కపోయినా, కట్టడానికి ఏమీ లేకపోయినా నేను తెర ఎత్తను. కమిటీ పెద్దలు మొహం ముడుచుకుంటారు, ముడుచుకోనీయండి.

గుడ్డని అడ్డపట్టీకి నాడాలతోనే కట్టండి, దానికి కారణం కూడా గాలే. మొదట పైన సంచిలా కుట్టి, అడ్డపట్టీని అందులోంచి దూర్చాను. చూడ్డానికి చక్కగా ఉండేది, కానీ గుడ్డ దించాలంటే ఫ్రేము విప్పాలి. ఇప్పుడు అడుగుకొక నాడా పెట్టి, పశువుని రాటకి కట్టే జారుముడి వేస్తున్నాం. చివర లాగితే ఊడిపోతుంది. మబ్బు కనపడగానే ఇద్దరు కుర్రాళ్లు చెరో వైపు నుంచి లాగుతూ వస్తారు, పాట ఆగకముందే గుడ్డ కింద ఉంటుంది. కింది అంచు ఎక్కడా కట్టకండి, నేలకి నాలుగు అంగుళాల పైన వదిలేయండి.

గుడ్డకి నా ఓటు నల్ల నూలు డ్రిల్లుకే, అంటే ప్యాంట్లకి వాడే దళసరి గుడ్డకి. శాటిన్ లైట్లకి మెరుస్తుంది. ఫ్లెక్సీ మెరవడమే కాదు, మడతలు కూడా పోవు. పాలిస్టర్ మంట తగిలితే కరిగి బొట్లుగా కారుతుంది. 58 అంగుళాల పన్నా ఉన్న గుడ్డ 11 మీటర్లు తీసుకోండి. నూలు కుదించుకుపోతుంది కాబట్టి ముందు ఒక రాత్రి నానబెట్టి ఆరేసి, తర్వాత సమానంగా నాలుగు ముక్కలు కోయండి. రెండేసి ముక్కలు కలిపి కుడితే రెండు తెరలు. ఒక్కో తెరని కుచ్చిళ్లు పెట్టి ఆరున్నర అడుగుల పట్టీలోకి కుట్టండి. రెండూ మధ్యలో అడుగు మేర ఒకదానిమీదొకటి వస్తాయి, వెనక వైర్లు కనపడవు. కుచ్చిళ్లు లేకుండా సాగదీసి కడితే ప్రతి ముడతా మొహం మీద గీతలా కనపడుతుంది.

మా దగ్గర బాణసంచా లేకుండా సంబరం ఉండదు. అందుకని గుడ్డకి మందు పట్టిస్తాను. 2 లీటర్ల వేడినీళ్లకి వెలిగారం 200 గ్రాములు, బోరిక్ పౌడర్ 85 గ్రాములు. మన గుడ్డకి దీనికి మూడింతలు కావాలి. చేతికి గ్లౌజులు వేసుకోండి, పిల్లల్ని దగ్గరికి రానీయకండి. గుడ్డ బాగా తడిశాక పిండకుండా నీడలో ఆరేయాలి. ఆరాక ఒక చిన్న పీలిక తీసి ఆరుబయట అగ్గిపుల్లతో అంటించి చూడండి. పుల్ల తీసేస్తే మంట ఆగిపోయి నల్లబడటమే కనపడాలి. అలాగని మంట అస్సలు అంటుకోదని కాదు, లైట్లు తెరకి కనీసం మూడడుగుల దూరంలో ఉండాలి. ఉతికినా, వానకి తడిసినా మందు కొట్టుకుపోతుంది. మళ్లీ పట్టించాలి.

ఇక పేరు. నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇది. మా ఊరు 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, ఇప్పటికీ ఇళ్లలో రెండు భాషలూ నడుస్తాయి. పాతపట్నం, టెక్కలి వెళ్తే తెలుగు పేరు కావాలి. గుణుపురం, మోహనా వెళ్తే ఒడియా. అందుకే పేరుపట్టీని రెండు వైపులా కుట్టాను, ఒక వైపు తెలుగు, తిప్పితే ఒడియా. వెనక అక్షరాలు ఇటు కనపడకుండా మధ్యలో ఒక వరస నల్ల గుడ్డ. పొడవు ఆరడుగులు, కింద సన్నటి వెదురు బద్ద దూర్చితే నిటారుగా నిలుస్తుంది. తెరకి ముందు, అడ్డపట్టీకే విడిగా కట్టాలి.

వంద అడుగుల నుంచి చదవాలంటే అక్షరం పది అంగుళాలు చాలంటారు. మన లిపులకి చాలదు. తెలుగులో తలకట్టు, ఒడియాలో పైన గుండ్రటి గొడుగు చాలా అక్షరాలకి ఒకటే. తేడా అంతా కింద ఉన్న చిన్న మెలికలో ఉంటుంది. నేను 14 అంగుళాలు పెట్టాను. గీత మరీ లావుగా కోస్తే లోపలి సున్నాలు పూడుకుపోయి ముద్దలా కనపడుతుంది. కోసిన అక్షరాలు గోడకి గుండుసూదులతో పెట్టి, వీధి చివరికి వెళ్లి చూసి, తర్వాతే కుట్టండి. రంగు పసుపు. తెలుపైతే లైట్లలో ఫోన్ కెమెరాకి వెలిగిపోయి చదవలేం.

కట్టే వరస ఇది: కాళ్లు, కింది ముక్కలు, పైముక్కలు నేల మీదే బిగించి, అడ్డపట్టీ తగిలించి, తాళ్లు ముడేసి, అప్పుడు లేపాలి. తాళ్లు మేకులకి బిగిశాకే గుడ్డ. విప్పేటప్పుడు ముందు గుడ్డ, ఆఖర్న తాళ్లు. స్తంభాల అతుకులకి ఎర్ర రంగు, అడ్డపట్టీకి తెల్ల రంగు పూస్తే కొత్త కుర్రాడు కూడా తికమకపడడు.

మిగిలిన ముక్కలతో బోల్టులకి ఒక చిన్న సంచి కుట్టి, దాన్ని మధ్య స్తంభానికే కట్టేయండి. తడి గుడ్డని మాత్రం ఎంత నిద్రొచ్చినా మడిచి పెట్టొద్దు. తెల్లారి నాలుగైనా సరే, మా షాపు ముందు దండెం మీద ఆరేశాకే నేను షట్టరు దించుతాను.