తూము దగ్గర నీళ్లు నిలిస్తే లోపం ఎక్కడ వెతకాలి?

ఊరి పక్క వాగు పొంగి రోడ్డెక్కిందంటే అందరూ అనే మొదటి మాట ‘పూడిక తీయించండి’. జేసీబీ వస్తుంది, రోడ్డు కింద నుంచి వాగు నీరు దాటే తూము ముందు కాసేపు తవ్వుతుంది, బిల్లు అవుతుంది. మరుసటి పెద్ద వానకు మళ్లీ అదే వీధి మునుగుతుంది. నీళ్లు పొంగిన చోటే లోపం ఉందనుకుని పని మొదలుపెట్టడం వల్లనే ఇలా జరుగుతోంది. ఎండలో చూస్తే ఏ తూమైనా బాగానే కనిపిస్తుంది. కింద చెప్పిన లక్షణాలను వాన పడుతున్నప్పుడే, సురక్షితమైన దూరం నుంచి గమనించాలి.

ఎగువన నీరు రోడ్డెక్కుతోంది, దిగువన కాలువ సగమే పారుతోంది

ఇది కచ్చితంగా తూము సమస్యే. వానాకాలానికి ముందే తూముకు రెండు వైపులా గోడల మీద పది సెంటీమీటర్లకు ఒకటి చొప్పున పెయింటు గీతలు గీయించండి. రెండు వైపులా గీతలు ఒకే మట్టం నుంచి మొదలుకావాలి. మేస్త్రీలు మట్టం చూసుకునే నీటి గొట్టం ఇందుకు చాలు. వాన జోరు మీదున్నప్పుడు రెండు వైపులా ఫొటోలు తీయండి. ఎగువ మట్టం అడుగున్నర, రెండడుగులు ఎక్కువగా ఉంటే నీటిని తూమే ఆపుతోంది.

ఇక తేల్చుకోవాల్సింది, అది మూసుకుపోయిందా లేక చిన్నదా అని. వాగు ఎండినప్పుడు పైపు ఒక చివర నుంచి చూస్తే అవతలి వెలుతురు పూర్తి వృత్తంగా కనిపించాలి. పై సగమే కనిపిస్తే అడుగున పూడిక ఉంది. తాడుకు కట్టిన ఇనుప తొట్టిని ఇటు నుంచి అటు లాగి దాన్ని తీయించాలి. పైపులోకి మనిషిని మాత్రం దించవద్దు.

వెలుతురు నిండుగా కనిపించినా నీరు ఆగుతోందంటే తూము చాలడం లేదు. లెక్క కష్టమేమీ కాదు. వాగులోకి నీరు వచ్చే భూమి 50 హెక్టార్లు, అంటే సుమారు 125 ఎకరాలు అనుకుందాం. గంటకు 50 మిల్లీమీటర్ల వాన పడి, అందులో 40 శాతం పారి వస్తే సెకనుకు దాదాపు 2.8 ఘనమీటర్ల నీరు తూము దగ్గరకు చేరుతుంది. 600 మిల్లీమీటర్ల పైపులో సెకనుకు రెండు మీటర్ల వేగంతో నిండుగా పారినా పోయేది 0.57 ఘనమీటర్లే. 900 మిల్లీమీటర్ల పైపయితే 1.27. అంటే అవి మూడు వేయాలి. అసలు కొలతలు ఇంజినీరే తేల్చాలి. కానీ ఈ లెక్క చేతిలో ఉంటే ‘ఒక పైపు చాలు’ అన్నప్పుడు ఎలా చాలుతుందో అడగగలుగుతాం.

నా మటుకు మూడు పైపుల కంటే ఒకే వెడల్పాటి బాక్సు కల్వర్టు (పెట్టె ఆకారపు కాంక్రీటు తూము) మేలు. వాగులో కొట్టుకొచ్చే కొమ్మలు, అరటి బోదెలు పైపుల మధ్య గోడలకే అడ్డం పడతాయి. చెత్త ఆపడానికి కడ్డీల జాలీ పెట్టాలనుకుంటే తూము మూతికి బిగించకండి. కాస్త ఎగువన, ఏటవాలుగా, మనిషి నిలబడి శుభ్రం చేయగలిగే చోట పెట్టించండి.

తూము వెడల్పు చేసే ముందు కింది ఊరిని కూడా చూడాలి. ఇన్నాళ్లూ మన దగ్గర ఆగిన నీరు ఇకపై ఒక్కసారిగా వాళ్ల మీదకు పోతుంది. మధ్యలో చెరువో పల్లపు పోరంబోకో ఉంటే దాన్ని పూడ్చనివ్వకుండా కాపాడుకోవడం కొత్త తూము కట్టడమంత ముఖ్యం.

రెండు వైపులా నీరు ఒకే మట్టంలో ఉంది, కదలడం లేదు

దిగువ నుంచి నీరు ఎగదన్నుతోంది. ఇక్కడ తూము ఎంత పెద్దది చేసినా ఖర్చు దండగ. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు బెజవాడ ఇది చూసింది. బుడమేరు వరదను మళ్లించే కాలువ నీరు కృష్ణలో కలవాలి. కానీ అప్పుడు ప్రకాశం బ్యారేజీ దగ్గరే ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నది అలా నిండి ఉంటే పక్క కాలువ నీటికి దారేది? మళ్లింపు కాలువ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి, సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి.

అందుకే పని కింది నుంచి పైకి జరగాలి. తూము దగ్గర మొదలుపెట్టి, నీరు కలిసే చోటు దాకా గట్టు వెంట నడవండి. గుర్రపు డెక్క, తూటికాడ పట్టిన మలుపు, ఎవరో పొలంలోకి వెళ్లడానికి వేసుకున్న మట్టి కట్ట, గోడ కట్టి ఇరుకు చేసిన చోటు ఒక్కొక్కటే దొరుకుతాయి. డెల్టాలో మురుగు డ్రెయిన్లు సాగునీటి కాలువల కిందుగా దాటే అండర్ టన్నెళ్లను ప్రత్యేకంగా చూడాలి. బుడమేరు కూడా ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలువ కిందుగానే దాటుతుంది. పెద్ద నదిలోనో డ్రెయిన్‌లోనో కలిసే చోట, నీరు బయటికి పోనిచ్చి లోపలికి రానివ్వని తలుపు బిగించవచ్చు. అయితే తలుపు మూసుకున్నంతసేపు ఊరి నీరు నిలవడానికి చోటు చూపించాలి, లేదా మోటార్లతో తోడాలి.

పూడిక తీసిన ఏడాదికే మళ్లీ నిండుతోంది

తీసిన మట్టిని గట్టు మీదే పోశారేమో చూడండి. మొదటి వానకే అది వాగులోకి జారుతుంది. మట్టిని తరలించే ఖర్చు అంచనాలోనే ఉండాలి, లేకపోతే అది సగం పనే. రెండో కారణం వాలు. ఒకచోట లోతుగా, ఒకచోట పైపైన తవ్వితే గుంటల్లో ఒండ్రు పేరుకుంటుంది. ఎగువ గట్లు కోసుకుపోతుంటే అక్కడ వట్టివేరు వరుసలు నాటించండి.

తూము నిలిచింది, పక్కన రోడ్డు కోతపడింది

పైపు చుట్టూ మట్టిని పొరలు పొరలుగా గట్టిపరచకపోతే నీరు దాని వెంట దారి చేసుకుంటుంది. పైపు వేసేటప్పుడు ఆరంగుళాల మట్టి పోసి దిమ్మిస కొట్టి, ఆ తర్వాతే పై పొర వేయాలి. ఎగువన, దిగువన రెక్కగోడలు (తూము మూతికి రెండు పక్కలా మట్టిని ఆపే గోడలు), నీరు దూకే చోట రాతి పరుపు తప్పనిసరి. దిగువన గొయ్యి పడుతోందంటే ఆ పరుపు లేదు, లేదా కొట్టుకుపోయింది.

వాగు బాగానే ఉంది, వీధి మాత్రం మునుగుతోంది

ఇళ్ల ముందు కాలువ మీద వేసుకున్న ర్యాంపులు చూడండి. వాటి కింద కాలువ మూసుకుపోతే శుభ్రం చేయడానికి వీలుండదు. వాటి బదులు తీయడానికి వీలైన పలకలు వేయించండి.

అర్జీ పెట్టేటప్పుడు ఒక ఇబ్బంది వస్తుంది. చాలాచోట్ల తూము రోడ్డు శాఖది, వాగు జలవనరుల శాఖది, వీధి కాలువ పంచాయతీది. ఒకరికే ఇస్తే రెండోవారి మీదకు నెడతారు. కాబట్టి ఒకే అర్జీ ముగ్గురికీ ఇచ్చి, రెండు వైపుల మట్టాలు కనిపించే ఫొటోలు తేదీ, సమయంతో సహా జతచేయండి. ముగ్గురినీ ఒకే రోజు తూము దగ్గరకు రమ్మని అందులోనే రాయండి.