ఎండిపోయే ట్యూనా కాసరోల్‌ను ఇలా సరిచేశాను

అమెరికాలోని ఒహాయోలో మా పక్కింటి పెద్దావిడ క్యాథలిక్. ఈస్టర్‌కు ముందు ఉపవాస దినాల్లో ప్రతి శుక్రవారం మాంసం మానేసి ట్యూనా కాసరోల్ (ట్యూనా చేప, నూడుల్స్, సాస్ కలిపి ఓవెన్‌లో చేసే వంట) చేసేవారు, మాకూ ఒక గిన్నె పంపేవారు. ఆ రుచి కోసం నేను మూడుసార్లు వండితే మూడుసార్లూ ముద్దగా ఎండిపోయింది.

కారణం నూడుల్సే. ఓవెన్‌లో కూడా అవి ఉడుకుతూ సాస్‌ను పీల్చేస్తాయి. అందుకని ఈసారి ఎగ్ నూడుల్స్‌ను ప్యాకెట్ మీద రాసిన సమయానికి 2 నిమిషాల ముందే దించి వార్చాను. ఈ వంటకు ప్రాణం 1934లో క్యాంప్‌బెల్ అనే అమెరికన్ కంపెనీ తెచ్చిన డబ్బా మష్రూమ్ సూప్, సాస్ దానితోనే. ఒక డబ్బాకు అర కప్పు పాలు పోసేదాన్ని, ఇప్పుడు కప్పు నిండా పోశాను. ట్యూనాలోని నీళ్లు పిండేసి, పచ్చిబఠానీలు కలిపి, పైన అల్యూమినియం రేకు మూసి 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో 20 నిమిషాలు ఉంచాను. నలిపిన బంగాళాదుంప చిప్స్ మాత్రం రేకు తీశాక, చివరి 5 నిమిషాలకే చల్లాలి. ముందే వేస్తే కరకర పోతుంది, ఆ కరకర లేకపోతే అది ఆవిడ కాసరోల్ కాదు.

నిన్న చెంచా దించగానే సాస్ జారింది. అంచున ఎర్రగా వేగిన ముక్క కోసం అన్నయ్యా నేనూ పోట్లాడుకునేవాళ్లం. ఫోటో పంపితే, ఆ ముక్క తనకే దాచమన్నాడు.