పింఛను ఆగిపోకుండా విదేశానికి వెళ్లి రావడం ఎలా?

పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన తండ్రిని అమెరికాలోని కూతురు కొన్నాళ్లు తన దగ్గర ఉంచుకోవాలనుకుంటుంది. తిరుపతిలోనూ చిత్తూరులోనూ ఇలాంటి కుటుంబాలు చాలానే ఉన్నాయి. వీసా గురించి, టికెట్ల గురించి నెలల తరబడి మాట్లాడుకుంటారు. నెలనెలా ఇంటికి వచ్చే పింఛను సంగతి మాత్రం ప్రయాణం హడావిడిలో మరుగున పడిపోతుంది. జబ్బు మనిషికి అది మందుల డబ్బు. కాబట్టి టికెట్ కొనకముందే ఈ లెక్క తేల్చుకోవాలి.

ముందుగా, వస్తున్నది ఏ డబ్బో తెలుసుకోండి

ఒక్కో సాయానికి ఒక్కో నియమం ఉంటుంది. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్టీఆర్ భరోసా పింఛను ఒకటి. 2024 జులై నుంచి ఇందులో దివ్యాంగులకు 6,000 రూపాయలు, డయాలసిస్ చేయించుకునేవారికి 10,000, పూర్తిగా మంచానికి లేదా చక్రాల కుర్చీకి పరిమితమైనవారికి 15,000 ఇస్తున్నారు. శ్రీసిటీ, రేణిగుంట వైపు ఫ్యాక్టరీల్లో పనిచేస్తూ జబ్బుపడిన వారికి ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) నుంచి వచ్చే అనారోగ్య భృతి మరొకటి. పదవీ విరమణ చేసినవారికి పీఎఫ్ పింఛను ఇంకొకటి. ఇంట్లో ఒకే మనిషికి రెండు రకాలు రావచ్చు, అప్పుడు రెండింటి నియమాలూ చూసుకోవాలి.

ఎన్టీఆర్ భరోసా: మూడు నెలల లెక్క

ఈ పింఛనును గ్రామ, వార్డు సచివాలయ సిబ్బంది ఒకటో తేదీన ఇంటికి తెచ్చి ఇస్తారు. వేలిముద్రో ముఖమో సరిపోతేనే డబ్బు చేతికి వస్తుంది. అందువల్ల లబ్ధిదారు ఊళ్లో లేకపోతే ఇంట్లో ఇంకెవరూ తీసుకోలేరు. ఒక నెలో రెండు నెలలో తీసుకోకపోతే ఆ సొమ్ము పోదు, మూడో నెలలో మొత్తం కలిపి ఇస్తారు. వరుసగా మూడు నెలలూ తీసుకోకపోతే మాత్రం శాశ్వతంగా వలస వెళ్లినట్టు లెక్కించి పింఛను నిలిపివేస్తారు.

ప్రయాణం తేదీలు దీన్ని బట్టే పెట్టుకోండి. ఏప్రిల్ 1న పింఛను తీసుకుని మరునాడు బయలుదేరారనుకుందాం. మే, జూన్ నెలలవి తీసుకోరు. జులై 1 నాటికి ఇంట్లో ఉంటే మూడు నెలల సొమ్మూ ఒకేసారి అందుతుంది. జులై కూడా దాటిపోతే పింఛను ఆగిపోతుంది. అదే ఒకటో తేదీకి రెండు రోజుల ముందు విమానం ఎక్కితే ఒక నెల అనవసరంగా లెక్కలోకి వస్తుంది. అమెరికా సందర్శకుల వీసాపై వెళ్లినవారిని సాధారణంగా ఆరు నెలల వరకు ఉండనిస్తారు. పిల్లలు సహజంగానే ఆరు నెలలూ ఉండమంటారు. పింఛను మీద ఆధారపడిన మనిషికి ఇక్కడ మూడు నెలలే హద్దు అని వాళ్లకు ముందే చెప్పండి. పింఛనును ఒక సచివాలయం నుంచి ఇంకో సచివాలయానికి మార్చుకునే వీలు రాష్ట్రంలోపలే ఉంది, విదేశానికి కాదు.

చెప్పే వెళ్లండి

పింఛను తెచ్చి ఇచ్చే ఉద్యోగికి నోటిమాటగా చెప్పి ఊరుకోకండి. ఎప్పుడు వెళ్తున్నదీ, ఎప్పుడు తిరిగి వస్తున్నదీ ఒక కాగితం మీద రాసి, టికెట్ నకలు జతచేసి సచివాలయంలో ఇవ్వండి. రెండో ప్రతిపై ముద్ర, తేదీ వేయించుకోండి. తాత్కాలికంగా బిడ్డను చూసి రావడం తప్పేమీ కాదు, దాచాల్సిన పని అంతకన్నా లేదు. అక్కడే స్థిరపడిపోతే మాత్రం పింఛను వదులుకోవడమే న్యాయం.

ఇంకో ముఖ్యమైన విషయం. 2025లో దివ్యాంగుల, మంచానికి పరిమితమైనవారి పింఛన్లను వైద్యులతో మళ్లీ పరిశీలన చేయించారు. హాజరు కానివారి పింఛన్లు ఆగాయి. ఇలాంటి నోటీసు మీరు లేనప్పుడు వస్తే అందుకోవడానికి ఊళ్లో ఒక మనిషి ఉండాలి. సదరం ధ్రువపత్రం (వైకల్య ధ్రువపత్రం) నకలు, మీరిచ్చిన కాగితం ఆ మనిషి దగ్గర ఉంచండి.

ఈఎస్ఐ భృతి తీసుకుంటుంటే

ఇక్కడ నియమం ఇంకా గట్టిది. అనారోగ్య భృతి వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు ఇస్తారు. క్షయ, క్యాన్సర్, పక్షవాతం వంటి దీర్ఘకాలిక జబ్బులకు 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా పొడిగించే వీలుంది. ఈ భృతి పొందుతున్నవారు ఈఎస్ఐ వైద్యుల చికిత్సలోనే ఉండాలి. వైద్యాధికారి అనుమతి లేకుండా చికిత్స జరుగుతున్న ప్రాంతం విడిచి వెళ్లకూడదు. కువైట్‌లోని కొడుకు దగ్గర విశ్రాంతి తీసుకుందామనుకున్నా సరే, ముందు డాక్టరును అడగాల్సిందే. అనుమతి ఇస్తే కాగితం మీద తీసుకోండి, ఇవ్వకపోతే ప్రయాణం వాయిదా వేయండి.

పీఎఫ్ పింఛనుకు చిక్కు తక్కువ. పింఛనుదారు బతికే ఉన్నట్టు తెలిపే జీవన ప్రమాణపత్రం ఇచ్చిన రోజు నుంచి ఏడాది పాటు చెల్లుతుంది. బయలుదేరే ముందే కొత్తది ఇచ్చేస్తే సరిపోతుంది.

మందులు, వైద్యం

మన ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు విదేశంలో పనిచేయదు. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు ఉన్న జబ్బులన్నీ చెప్పండి. పాత జబ్బులకు అది వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి. డయాలసిస్ మీద ఉన్నవారు వెళ్లే ఊళ్లో కేంద్రం, తేదీలు, ఖర్చు ఖాయమయ్యాకే టికెట్ కొనాలి.

నరాల నొప్పికి వాడే ప్రీగాబాలిన్, నొప్పి మాత్ర ట్రమడాల్ వంటివి దుబాయ్, అబుదాబి వంటి చోట్లకు తీసుకెళ్లాలంటే అక్కడి ప్రభుత్వ అనుమతి ముందుగా కావాలి. తిరుపతి ఆసుపత్రులు స్విమ్స్‌లో చూపించుకున్నా రుయాలో చూపించుకున్నా, మందుల అసలు పేర్లతో డాక్టరు చీటీ ఇంగ్లీషులో రాయించుకుని చేతి సంచిలో పెట్టుకోండి. చక్రాల కుర్చీ కావాలని విమాన సంస్థకు 48 గంటల ముందే చెప్పండి. తిరుపతి నుంచి చెన్నై విమానాశ్రయానికి కారులో మూడు గంటలకు పైగా పడుతుంది, ఆ ప్రయాణపు అలసటనూ లెక్కలో వేసుకోండి.

బ్రిటన్ నుంచి ఇక్కడికి వచ్చేవారు

అక్కడి ప్రభుత్వ సాయం పొందుతూ తిరుపతికి వచ్చే మనవాళ్లూ ఉన్నారు. వారికి వర్తించేవి అక్కడి నియమాలు. పిప్ అనే వైకల్య భృతి తాత్కాలిక ప్రయాణంలో 13 వారాలు, చికిత్స కోసం వస్తే 26 వారాల వరకు కొనసాగుతుంది. తక్కువ ఆదాయం ఉన్నవారికిచ్చే యూనివర్సల్ క్రెడిట్ మామూలుగా ఒక నెల, చికిత్సకైతే ఆరు నెలల వరకు. బయలుదేరే ముందే అక్కడి కార్యాలయానికి తెలపాలి.

తిరిగి వచ్చాక

దిగిన వారంలోనే సచివాలయానికి వెళ్లి వచ్చినట్టు చెప్పండి, ఒకటో తేదీ దాకా ఆగకండి. ఈలోగా పింఛను నిలిచిపోయి ఉంటే, పాస్‌పోర్టులో వెళ్లిన, వచ్చిన తేదీల ముద్రలున్న పేజీల నకళ్లు, ముందే ఇచ్చిన కాగితం జతచేసి పునరుద్ధరణకు అక్కడే దరఖాస్తు పెట్టండి. రసీదు తీసుకునే ఇంటికి రండి.