హారర్ నైట్ పెట్టుకుంటున్నారా? ముందు వరస కుదుర్చుకోండి

రాత్రి కూర్చుని భయపడదాం అనుకోగానే చాలామంది అన్నిటికంటే భయంకరమైన సినిమా ఏదో వెతికి ముందు దాన్నే పెట్టేస్తారు. దయచేసి అలా చేయకండి, ఆ తర్వాత ఏం చూసినా చప్పగా ఉంటుంది. ఒక రాత్రికి రెండు సినిమాలు చాలు. మొదట థ్రిల్లర్, తర్వాత హారర్. థ్రిల్లర్‌కి బుర్ర చురుగ్గా ఉండాలి, ఎవరు ఏం దాస్తున్నారో, ఏ మాట అబద్ధమో కనిపెడుతూ ఉండాలి కదా. హారర్ మాత్రం ఒళ్ళు కాస్త అలిసి, చుట్టుపక్కల సద్దుమణిగాక చూస్తేనే లోపలికి దిగుతుంది.

నిడివి కూడా చూసుకోండి. 1995లో వచ్చిన 'సెవెన్' 127 నిమిషాలు, 2018 నాటి 'ఎ క్వైట్ ప్లేస్' గంటన్నర, మధ్యలో ఇరవై నిమిషాలు ఆగినా తొమ్మిదింటికి మొదలుపెడితే ఒంటిగంటకల్లా అయిపోతాయి. 'జోడియాక్' నాకు ప్రాణం, కానీ అది రెండున్నర గంటలు దాటుతుంది, దాని తర్వాత ఇంకో సినిమా అంటే సగం మంది నిద్రపోతారు, కాబట్టి దానికి వేరే రాత్రి ఇవ్వండి. ఇంకో మాట, 'ఎ క్వైట్ ప్లేస్'లో చప్పుడు చేస్తే చాలు, ప్రాణం పోతుంది, సినిమాలో చాలాసేపు మాటలే ఉండవు. కరకరలాడే తిండి ఏదైనా ఉంటే మొదటి సినిమాలోనే పూర్తి చేసేయండి.

ఇప్పుడు టీవీ సంగతి. సెట్టింగ్స్‌లోకి వెళ్లి మోషన్ స్మూతింగ్ ఆపేయండి (కదలికల్ని మరీ నున్నగా చూపించే సెట్టింగ్ అది, ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెడుతుంది), అది ఉంటే సినిమా కాస్తా సీరియల్‌లా కనిపిస్తుంది. పిక్చర్ మోడ్ 'సినిమా' లేదా 'ఫిల్మ్‌మేకర్'లో పెట్టండి. చీకటి సీన్లు కనిపించట్లేదని బ్రైట్‌నెస్ పెంచితే నలుపంతా బూడిదరంగులోకి మారిపోతుంది, అంతకన్నా గదిలో లైట్లు ఆర్పేయడం మేలు. కళ్ళు లాగుతుంటే టీవీ వెనక, గోడ వైపు తిప్పి ఒక చిన్న దీపం పెట్టుకోండి. నెట్ నెమ్మదిగా ఉంటే నల్లటి చోట్ల గళ్ళుగళ్ళుగా వస్తుంది, అందుకని వీలైతే మంచి క్వాలిటీలో ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

వీటన్నిటికంటే నేను ఎక్కువ పట్టించుకునేది సౌండ్. దర్శకుడు హిచ్‌కాక్ 1960లో 'సైకో' తీసినప్పుడు ఆ షవర్ సీన్‌కి మ్యూజిక్కే వద్దనుకున్నాడు, సంగీతం చేసిన బెర్నార్డ్ హెర్మన్ మాత్రం వయొలిన్లతో ఆ కీచుమనే ముక్క కట్టి వినిపించాక మనసు మార్చుకున్నాడు. ఒకసారి ఆ సీన్‌ని మ్యూట్‌లో చూడండి, భయం సగానికి సగం తగ్గిపోతుంది. టీవీలో, సౌండ్‌బార్‌లో 'నైట్ మోడ్' అని ఒకటి ఉంటుంది, అది గుసగుసని పెంచి కేకని తగ్గించి రెండిటినీ ఒకే మట్టానికి తెస్తుంది. భయం పుట్టేదే ఆ తేడాలో, కాబట్టి దాన్ని ఆపేయండి. పక్కవాళ్ళకి ఇబ్బంది అయితే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒంటరిగా చూడండి, ఇంకా బాగుంటుంది. వేరే భాష సినిమా అయితే డబ్బింగ్ వద్దు, సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, నటుడి సొంత గొంతులో వణుకు వేరే.

అందరూ వచ్చాకే మొదలుపెట్టండి. 'సైకో'కి సినిమా మొదలయ్యాక ఎవర్నీ హాల్లోకి రానివ్వొద్దని హిచ్‌కాక్ పట్టుబట్టాడు, ఆ పట్టుదల మనకీ ఉండాలి. ఫోన్లు పక్క గదిలో పెట్టించండి.

వచ్చేవాళ్ళని ఒక మాట ముందే అడగండి: ఏది చూడలేరు? పిల్లలకి హాని, జంతువులకి హాని, ఆత్మహత్య, లైంగిక హింస, ఇలా ఒక్కొక్కరికి ఒక్కోటి ఉంటుంది. మూర్ఛ సమస్య ఉన్నవాళ్ళుంటే లైట్లు టపటపా వెలిగే సీన్లున్నాయేమో చూసుకోండి. ఒకసారి నేను అడక్కుండా, ఇంట్లో మనిషిని పోగొట్టుకుని నెల కూడా కాని స్నేహితురాలి ముందు అంత్యక్రియలతో మొదలయ్యే సినిమా పెట్టాను. తను మెల్లగా లేచి వెళ్ళిపోయింది. ఇప్పటికీ నాకు అది గుచ్చుకుంటూనే ఉంటుంది.

అయిపోగానే లైట్లు వేయకండి, పేర్లు పడేదాకా అలాగే కూర్చోనివ్వండి. తర్వాత కాసేపు మాట్లాడుకోండి, ఆ రాత్రి ఒంటరిగా పడుకోవాల్సినవాళ్ళు ఎవరైనా ఉంటే ఇరవై నిమిషాల కామెడీ ఎపిసోడ్ ఒకటి చూపించి పంపండి.