స్విచ్ వేస్తే పాట రావాలి: పాత లాప్‌టాప్‌తో ఇంటి రేడియో

మా నాన్నగారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. వయసు 81. తెల్లవారుజామున అయిదింటికి లేచి మంచం పక్కనున్న స్పీకరు స్విచ్ వేస్తారు. పాట రావాలి, అంతే. ఫోనులో యాప్ తెరవడం, వెతకడం, ప్రకటన వస్తే దాటేయడం ఇవేవీ ఆయనకు వద్దు. "పాటలు వెయ్యడం స్టేషన్ వాళ్ల పని, వినడం నా పని" అంటారు. ఆ స్టేషన్ ఇప్పుడు తెనాలిలో మా ఇంటి మెట్ల కింద, మూత సగం ఊడిన ఒక పాత లాప్‌టాప్‌లో నడుస్తోంది.

దాన్ని ఎలా పెట్టానో, ఎక్కడెక్కడ దెబ్బ తిన్నానో చెప్తాను. లినక్స్‌లో ఒక ఫైలు తెరిచి, మార్చి, సేవ్ చేయడం వస్తే చాలు. మొదటి పాట వినిపించడానికి ఆదివారం ఒక పూట పడుతుంది. ఎవరూ ముట్టుకోకుండా దానంతట అది నడవడానికి నాకు నెల పట్టింది.

లాప్‌టాప్ ఏదైనా ఫరవాలేదు. మాది 4 జీబీ ర్యామ్‌ది, విండోస్ ఈడ్వలేక మూలన పడేసింది. దాన్ని తుడిచేసి డెబియన్ అనే లినక్స్ వేశాను. డెస్క్‌టాప్ కంటే లాప్‌టాప్ నయం, ఎందుకంటే దాని బ్యాటరీయే యూపీఎస్. మాది ఎంత డొక్కు బ్యాటరీ అయినా అరగంట నిలుస్తుంది. రోజంతా ఛార్జింగులోనే ఉంటుంది కాబట్టి బయోస్‌లో, అంటే ఆన్ చేయగానే తెరుచుకునే మూల సెట్టింగుల్లో, 80 శాతం దగ్గర ఆపే సెట్టింగు ఉంటే పెట్టుకోండి, లేకపోతే బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది. వైఫై వద్దు, రౌటర్ నుంచి కేబులు లాగండి. డెస్క్‌టాప్ వాడితే మాత్రం బయోస్‌లో, కరెంటు పోయి వచ్చాక దానంతట అదే ఆన్ అయ్యే సెట్టింగు వెతికి పెట్టండి.

ఇక సాఫ్ట్‌వేరు. రెండు ప్రోగ్రాములు కావాలి: లిక్విడ్‌సోప్, ఐస్‌కాస్ట్. మొదటిది వంటమనిషి, రెండోది వడ్డించే మనిషి. లిక్విడ్‌సోప్ ఫోల్డర్లలోంచి పాటలు తీసి, వరస కూర్చి, ఒకే ధారగా తయారుచేసి పంపుతుంది. ఐస్‌కాస్ట్ దాన్ని అందుకుని, అడిగిన వాళ్లందరికీ పంచుతుంది. రెండూ ఉచితమే, డెబియన్‌లో ఆప్ట్ కమాండుతో వచ్చేస్తాయి. నావిడ్రోమ్ లాంటివి కూడా ఉన్నాయి, మంచివే. కానీ వాటిలో పాటను వినేవాళ్లు ఎంచుకోవాలి. మా ఇంట్లో కుదరనిది అదే.

ఐస్‌కాస్ట్ ఎక్కించేటప్పుడు పాస్‌వర్డులు అడుగుతుంది. ఎంటర్ కొట్టుకుంటూ పోకండి. ముందే పెట్టి ఉండే పాస్‌వర్డు "హ్యాక్‌మీ". రండి, దోచుకోండి అని గుమ్మానికి బోర్డు కట్టినట్టే. ఇది 8000 పోర్టు మీద నడుస్తుంది, పోర్టు అంటే లాప్‌టాప్‌లోకి వచ్చే ఒక నంబరు గుమ్మం. ఎక్కించాక ఇంట్లో ఇంకో ఫోను బ్రౌజరులో లాప్‌టాప్ ఐపీ అడ్రసు, పక్కన కోలన్, 8000 కొట్టి చూడండి. ఐస్‌కాస్ట్ పేజీ కనిపిస్తే సగం పని అయినట్టే. ఆ ఐపీ అడ్రసు రేపు మారిపోకుండా రౌటర్ సెట్టింగుల్లో దాన్ని ఈ లాప్‌టాప్‌కే రిజర్వ్ చేయండి. ఇది మర్చిపోతే, రౌటర్ రీస్టార్ట్ అయిన ఏదో ఒక రోజు ఇల్లంతా మౌనవ్రతం.

లిక్విడ్‌సోప్‌కి ఒక చిన్న స్క్రిప్టు రాయాలి. నాది ఎనిమిది లైన్లు. పాటలు మూడు ఫోల్డర్లు చేశాను: పొద్దున, పగలు, సాయంత్రం. ఒక్కో ఫోల్డరుకూ ఒక ప్లేలిస్టు లైను. అక్కడ మోడ్ అని ఒకటి ఉంటుంది, నార్మల్, రాండమ్, రాండమైజ్ అని మూడు రకాలు. నేను వెనకా ముందూ చూడకుండా రాండమ్ పెట్టాను. మర్నాడు నాన్నగారి ఫిర్యాదు: "ఒరేయ్, మీ స్టేషన్‌లో ఒకటే రికార్డు ఉందా? గంటలో మూడుసార్లు వేశాడు." రాండమ్ అంటే ప్రతిసారీ కొత్తగా చీటీ తియ్యడం, తీసిన చీటీ మళ్లీ డబ్బాలోకే పోతుంది. రాండమైజ్ అంటే మొత్తం పేకముక్కల్లా కలిపి, అన్నీ అయ్యేదాకా ఒక్కొక్కటే తియ్యడం. మనకు కావలసింది రెండోది. హరికథ లాగా భాగాలుగా ఉన్నవాటికి నార్మల్. గంటకోసారి ఫోల్డరు మళ్లీ చూసుకోమని రీలోడ్‌కి 3600 సెకన్లు ఇవ్వండి, కొత్త పాటలు వేసినప్పుడల్లా ఏమీ కదపక్కర్లేదు.

తర్వాతి లైను స్విచ్. ఇదే మన టైంటేబుల్: 5 నుంచి 8 దాకా పొద్దున ఫోల్డరు, 8 నుంచి 17 దాకా పగలు, మిగతాది సాయంత్రం. మొదటిరోజు భక్తి పాటలు అయిదింటికి బదులు పదిన్నరకు మొదలయ్యాయి. లాప్‌టాప్ గడియారం యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉండిపోయింది, మనం దానికంటే అయిదున్నర గంటలు ముందు. టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండుతో టైమ్ జోన్ ఏషియా కోల్‌కతాకు మార్చాక సరిపోయింది.

స్విచ్‌లో ఇంకో సంగతి ఉంది. ఎనిమిది అయింది కదా అని అది నడుస్తున్న పాటను కోసెయ్యదు, అయ్యేదాకా ఆగుతుంది. ఒకరోజు 47 నిమిషాల హరికథ ఫైలు 7:58కి ఎత్తుకుంది. నాన్నగారు గడియారం చూసి "బండి నలభై అయిదు నిమిషాలు లేటు" అని ప్రకటించారు. ట్రాక్ సెన్సిటివ్ అనే సెట్టింగును ఫాల్స్ చేస్తే టైముకి టంచనుగా మారుతుంది. కానీ చరణం మధ్యలో గొంతు నొక్కేస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి విని, దాన్ని పాత పద్ధతికే మార్చేశాను. పొడుగు ఫైళ్లను మాత్రం పగటి ఫోల్డర్లోకి నెట్టాను.

స్క్రిప్టు మొదటిసారి నడిపితే "దట్ సోర్స్ ఈజ్ ఫాలిబుల్" అని ఎర్రర్ వస్తుంది. కంగారు పడకండి. ఫోల్డరు ఖాళీ అయిందనుకో, పాట చెడిపోయిందనుకో, అప్పుడు ఏం పంపాలి అని అడుగుతోంది, న్యాయమైన ప్రశ్నే. ఫాల్‌బ్యాక్ అని ఒక లైను రాసి, ఎప్పుడూ డిస్కు మీదుండే ఒక ఫైలును సింగిల్ అనే ఫంక్షన్‌తో చివర పెట్టండి. నేను తంబూరా శ్రుతి పెట్టాను. మా ఇంట్లో తంబూరా ఒక్కటే మోగుతోందంటే ఏదో తేడా వచ్చిందని గుర్తు. ఊరికే నిశ్శబ్దం పెడితే చెడిందెక్కడో తెలియదు.

చివరి లైను అవుట్‌పుట్. ఐస్‌కాస్ట్ అడ్రసు, పోర్టు, సోర్స్ పాస్‌వర్డు, స్ట్రీముకి ఒక పేరు. మా పాటలు చాలావరకు క్యాసెట్ల నుంచి ఎక్కించినవి, అందుకని 64 కేబీపీఎస్ ఎంపీ3 మోనో చాలనుకున్నాను. గంటకు దాదాపు 29 ఎంబీ. సీడీల నుంచి తీసినవైతే 128 పెట్టుకోండి, గంటకు 58 ఎంబీ దాకా అవుతుంది. క్యాసెట్ పాట నూతిలోంచి వచ్చినట్టు, సీడీ పాట నెత్తిన మొట్టినట్టు వినిపిస్తుంటే, ఫోల్డరు మొత్తాన్ని ఎంపీ3గెయిన్ అనే ప్రోగ్రాముకి ఒకసారి ఇవ్వండి. పాటను మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండానే అన్నిటి సౌండునూ 89 డెసిబెల్స్ దగ్గరకు తెస్తుంది.

ఇప్పుడు అసలు పని, దీన్ని వదిలేసి పడుకోగలగడం. లిక్విడ్‌సోప్‌ను రూట్‌గా, అంటే సర్వాధికారాలున్న యూజరుగా, నడపబోతే ఒప్పుకోదు, మామూలు యూజరు పేరుతో సిస్టమ్‌డీ సర్వీసు ఒకటి రాయండి. లినక్స్‌లో ప్రోగ్రాములను లేపి, కాపలా కాసేది సిస్టమ్‌డీయే. అందులో రీస్టార్ట్ దగ్గర ఆల్వేస్, రీస్టార్ట్‌సెక్ దగ్గర 10 ఇవ్వండి. ఆ 10 ముఖ్యం. అది ఇవ్వకపోతే సిస్టమ్‌డీ వెంటవెంటనే లేపబోయి, 10 సెకన్లలో అయిదుసార్లు పడిపోతే ఇక నా వల్ల కాదని చేతులెత్తేస్తుంది. కరెంటు వచ్చాక రౌటర్ లేవడానికే రెండు నిమిషాలు పడుతుంది, మనం ఆ రెండు నిమిషాలూ ఓపిక పట్టించాలి. తర్వాత లాగిన్‌డీ కాన్ఫ్ అనే ఫైలులో హ్యాండిల్ లిడ్ స్విచ్ అనే లైనుకు ఇగ్నోర్ అని రాయండి. నేను రాయలేదు. ఒక రాత్రి అమ్మ దుమ్ము పడుతోందని మూత వేసేసింది, లాప్‌టాప్ నిద్రపోయింది. పొద్దున నేను లేచేసరికి నాన్నగారు చీకట్లో స్పీకరు ముందు కూర్చుని ఉన్నారు. "ఇవాళ స్టేషన్ మాస్టరు లేవలేదురా" అన్నారు. ఆరోజు టిఫిను తినకుండానే ఆ లైను రాశాను.

వినే వైపు ఏం పెట్టాలి? మొదట పాత ఫోనులో వీఎల్‌సీ అనే ప్లేయరు పెట్టి చూశాను. వైఫై ఒక్కసారి తెగితే ఆగిపోయి అలాగే ఉండిపోయేది. ఇప్పుడు నాన్నగారి గదిలో రాస్ప్‌బెర్రీ పై 3 అనే బుల్లి కంప్యూటరు ఉంది, దాని ఆడియో జాక్ నుంచి స్పీకరుకు తీగ. కొనేటట్టయితే చూసుకోండి, పై 4లో కూడా ఆ జాక్ ఉంది, పై 5లో తీసేశారు. అందులో ఎంపీవీ అనే ప్లేయరు స్ట్రీమును ఎప్పుడూ పాడుతూనే ఉంటుంది, దానికీ ఇలాంటి సిస్టమ్‌డీ సర్వీసే. ధార ఆగిపోతే 60 సెకన్లు చూసి ఎంపీవీ తప్పుకుంటుంది, సిస్టమ్‌డీ దాన్ని మళ్లీ లేపుతుంది. నాన్నగారు వేసేది, తీసేది స్పీకరు స్విచ్ ఒక్కటే.

వంటింట్లో అమ్మకు ఇంకోటి పెడితే కొత్త తంటా వచ్చింది. రెండు గదుల్లో ఒకే పాట కొన్ని సెకన్ల తేడాతో, బావిలో అరిచినట్టు. ఐస్‌కాస్ట్ కొత్తగా చేరిన ప్లేయరుకు, పాట వెంటనే మొదలవ్వాలని 64 కేబీ ఒక్కసారిగా ఇస్తుంది, 64 కేబీపీఎస్ దగ్గర అది ఎనిమిది సెకన్ల పాట. ఎవరు ఎంత దాచుకున్నారన్న దాన్నిబట్టి తేడా. గదులన్నీ ఒకే తాళంలో పాడాలంటే స్నాప్‌కాస్ట్ అని వేరే ఉంది. మేం వంటింటి తలుపు దగ్గరగా వేసుకున్నాం.

డల్లాస్‌లో ఉన్న చెల్లి "అన్నయ్యా, నాన్న వినేదే నాకూ కావాలి" అంది. రౌటర్‌లో పోర్టు తెరిస్తే చాలనుకున్నాను, చాల్లేదు. రౌటర్ స్టేటస్ పేజీలో మీ వాన్ అడ్రసు, అంటే ఇంటర్నెట్ కంపెనీ మీ రౌటర్‌కి ఇచ్చిన అడ్రసు, 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే, ఒకే పబ్లిక్ అడ్రసును చాలా ఇళ్లకు పంచారన్నమాట. బయటివాళ్లు నేరుగా మీ ఇంటికి రాలేరు. అప్పుడు టెయిల్‌స్కేల్ వాడండి. లాప్‌టాప్‌లోనూ చెల్లి ఫోనులోనూ ఎక్కిస్తే, రెండూ ఒకే ఇంట్లో ఉన్నట్టు మాట్లాడుకుంటాయి. సొంత వాడకానికి ఉచితం. పోర్టు తెరవాల్సిన పని లేదు, ఊళ్లోవాళ్లకు కనిపించదు, అది ఇంకా మంచిది. ఇవి సొంత పాటలు కావు కదా, ఇంటివాళ్ల వరకే ఉంచండి. అందరికీ వినిపించాలంటే పాటల హక్కులు చూసే ఐపీఆర్‌ఎస్, పీపీఎల్ వంటి సంస్థల లైసెన్సులు చూసుకోవాలి. మన తెల్లవారుజాము అయిదు చెల్లికి ముందురోజు సాయంత్రం ఆరున్నర, చలికాలంలో అయిదున్నర. ఆఫీసు నుంచి వస్తూ కారులో మా సుప్రభాతం వింటుంది.

రౌటర్‌కి 12 వోల్టుల చిన్న యూపీఎస్ కొనండి, లేకపోతే లాప్‌టాప్ బ్యాటరీ ఎంత ఉన్నా దండగ. స్క్రిప్టు, ఐస్‌కాస్ట్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ ఉంచండి. లాప్‌టాప్ మీద అట్టముక్క అతికించి "ప్లగ్గు తీయవద్దు" అని పెద్ద అక్షరాలతో రాయండి, ఫ్యాను బాగుచేయడానికి వచ్చిన మనిషి ముందు లాగేది దాన్నే.

నేను ఊళ్లో లేనప్పటి కోసం స్పీకరు పక్కన గోడకు ఒక కాగితం అంటించాను. పాట రాకపోతే: ఒకటి, రౌటర్ దీపం వెలుగుతోందో లేదో చూడండి. రెండు, రాస్ప్‌బెర్రీ పై ప్లగ్గు తీసి మళ్లీ పెట్టండి. మూడు, నాకు ఫోను చేయండి. మొన్న ఊరు నుంచి వచ్చి చూస్తే, రెండోదానికీ మూడోదానికీ మధ్య నాన్నగారి దస్తూరీలో ఒక లైను ఇరికించి ఉంది: "అయిదు నిమిషాలు ఆగవలెను. బండి లేటు."